బల్ల కింద గువ్వ

"బల్ల కిందికి ఒక కంచం తోసెయ్యమంటారా, లేకపోతే పైనున్నవాళ్లమే తినేసి లేద్దామా?" అని పెద్దది అడిగింది. పన్నెండేళ్ల పిల్ల. ఆ ఇంట్లో అంతసేపు మౌనం దానికి అలవాటు లేదు.



ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి దాని చెల్లెలు, ఎనిమిదేళ్ల గువ్వ, భోజనాల బల్ల కింద కూర్చుని ఉంది. బల్లగుడ్డ అంచు దిగువన తెల్లటి మేజోళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. అందరికంటే చిన్నవాడైన బుడ్డోడు ఆ మేజోళ్లను చూస్తూ, తన కంచంలోది కొంచెం తను తింటూ, కొంచెం కిందికి జారవిడుస్తూ, సహాయ కార్యక్రమం నడుపుతున్నాడు.

బల్ల మొదట్లో నాన్నమ్మ కూర్చుంది. ఒక పెద్ద బడిని ఏళ్లతరబడి ఏలి పదవీవిరమణ చేసిన ప్రధానోపాధ్యాయురాలు ఆవిడ. ముక్కాలిపీట మీద కూర్చున్నా సరే, ఆ మూల ఆఫీసు గది అయిపోతుంది. పిల్లలు ముగ్గుర్నీ బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తానని కోడలు అన్న రోజు నుంచి ఆవిడ ఒకే ఒక్క మాట కోసం కాచుకుని ఉంది: అత్తయ్యా, మీరు చెప్పిందే నిజం. ఆ మాట ఇవాళ ఎవరూ అనకుండానే వచ్చి కూర్చుంది. ఎన్నాళ్లుగానో రారమ్మని పిలిచిన చుట్టం తీరా పెట్టెతో సహా గుమ్మంలో దిగితే ఏ గది చూపించాలో తోచనట్టుంది ఆవిడకి.

పొద్దున మందిరంలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

వాక్యం చదవడానికి ఇవాళ గువ్వ వంతు. వారమంతా ఇంట్లో ఒక కీర్తన తయారైంది. తీరా సమయానికి పాస్టరుగారు ప్రసంగం మార్చుకున్నారు కాబోలు, గ్రంథం వేరేచోట తెరిచి పిల్ల ముందు పెట్టారు. గువ్వ పేజీ మీద చూపు నిలిపి, వేలు ఆనించి, గంటకొట్టినట్టు చదివింది. చదివింది ఇంట్లో తయారైన కీర్తన. పేజీలో ఉన్నది వేరొకటి. సంఘమంతా ముసిముసిగా నవ్వింది. పాస్టరుగారు ప్రేమగా వంగి, "ఇక్కడమ్మా, ఇక్కణ్నుంచి" అని వేలితో చూపించారు. గువ్వ తలూపి, అంతకు ముందు నెల నేర్చుకున్న కీర్తన అందుకుంది. ఆయన మళ్లీ చూపించారు. అది ఇంకో కీర్తన తీసింది. బట్టల కొట్లో బేరానికొచ్చిన వాళ్ల ముందు ఒక్కొక్క తాను విప్పి పరిచినట్టు, అది తన దగ్గరున్నవన్నీ విప్పింది. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. ఆయన అడిగింది మాత్రం వాటిలో లేదు.

నాలుగోసారి అది నోరు తెరవలేదు. అప్పటికి నవ్వులు ఆగిపోయాయి.

అలా తెలిసింది, ఆ పిల్లకి చదవడం రాదని.

ఇంటి కిందే నాన్నమ్మ కొడుకు కళ్లద్దాల షాపు. మందిరం నుంచి వస్తూనే, ఇంకా ఇంట్లోకి ఎక్కకముందే, అతను షట్టరు ఎత్తి, కూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టి కళ్లు పరీక్ష చేశాడు. కళ్లలో లోపం ఉంటే ఎంత బాగుండునని కన్నతండ్రి దేవుణ్ని వేడుకోవడం వింతే అయినా, పాపం అతను ఆ పనే చేశాడు. చూపు తక్కువైతే అద్దం వేస్తే సరిపోతుంది. ఇంట్లో యుద్ధం ఉండదు.

"కళ్లు బంగారంలా ఉన్నాయి," అని అతను ఇప్పుడు చెప్పాడు, కంచంలో వేలితో గీతలు గీస్తూ. "గోడ మీద అక్షరాల పట్టిక కిందివరసదాకా అప్పజెప్పేసింది."

"అక్షరాలు గుర్తుపట్టిందన్నమాటేగా మరి?" అంది నాన్నమ్మ.

"నేనూ అలాగే అనుకున్నానమ్మా. అనుమానమొచ్చి పట్టిక తీసి వెనక్కి తిప్పాను. ఉత్త తెల్ల అట్ట. అది కూడా చదివేసింది."

బల్ల కింద మేజోళ్లు వెనక్కి జరిగాయి.

విషయం ఏమిటంటే, సాయంత్రాలు గువ్వ షాపులో ఓ మూల కూర్చుని గుడ్డముక్కతో అద్దాలు తుడుస్తూ ఉంటుంది. వచ్చినవాళ్లంతా ఆ పట్టిక చదువుతూనే ఉంటారు. వినగా వినగా దానికి ఊళ్లో అందరి చూపూ నోటికి వచ్చేసింది. ఎవరు ఏ వరస దగ్గర ఆగిపోతారో, ఎవరు తడుముకుంటారో కూడా అది తండ్రికి చెప్పగలదట. ఆ సంగతి చెబుతున్నప్పుడు అతని గొంతులో బాధ ఎంత ఉందో, గర్వమూ అంతే ఉంది. అది దాచుకోవడానికి మంచినీళ్లు తాగాడు.

"దీపం కింద చీకటి అంటే ఇదే," అంది నాన్నమ్మ. "ఊరందరి కళ్లూ చూసే ఇంట్లో."

కోడలు బుడ్డోడి మూతి తుడిచి, వాడు కిందికి జారవిడిచినదంతా చూసీ చూడనట్టు, వాడి కంచంలో మళ్లీ వడ్డించింది.

ఆ కోడలి చదువుల తీరు నాన్నమ్మకి మొదట్నుంచీ కొరుకుడు పడలేదు. గంట కొట్టరు. వరసలో నిలబడరు. బట్టలారేసే తీగకి క్లిప్పులు పెట్టి కూడికలూ తీసివేతలూ. తడిబట్ట ఒకటి తీస్తే లెక్క మారుతుంది. రొట్టెముక్క కోస్తూ భిన్నాలు. ఎవరికి మూడోవంతు రావాలో తేలేసరికి సగం రొట్టె తగాదాలో పోతుంది. బఠాణీలు ఒలుస్తూ చరిత్ర. కిటికీ రెక్కమీద నత్త ఎక్కితే ఆ పూటకి పాఠం నత్తదే. అది దిగి వెళ్లేదాకా ఎవరూ అక్కణ్నుంచి లేవరు. పొద్దున కుటుంబ ప్రార్థన, అందరూ తలా ఒక వచనం. ముందురోజు సాయంత్రం గిన్నెలు కడుగుతూ కోడలు ఆ భాగాన్ని పైకి చదివి వినిపిస్తుంది, పెద్దది ఇంకోసారి చదువుతుంది, మిగతావాళ్లు చెవులతో తాగుతారు.

చెవులతో తాగుతారు అని నాన్నమ్మే ఒకసారి పక్కింటావిడతో అంది, కోడలు వినకుండా. బాగున్నదాన్ని బాగుందని ఆవిడ ఎప్పుడూ వినపడనిచోటే అంటుంది.

ఈ అత్తాకోడళ్ల నడుమ అడకత్తెరలో పోకచెక్కలా నలిగి, కొడుకు ఆమధ్య ఒక ఒప్పందం కుదిర్చాడు. నెలనెలా నాన్నమ్మ పిల్లల్ని తనిఖీ చేస్తుంది. ఎవరైనా ఒక్కరు తప్పినా ముగ్గురూ బడికి. కోడలు మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. ఇప్పటిదాకా ఎవరూ తప్పలేదు. నాన్నమ్మ ప్రతి తనిఖీకీ ఎర్రసిరా పెన్ను పట్టుకెళ్లి, సిరా ఖర్చు కాకుండా తిరిగొచ్చేది.

"అయితే మాట ప్రకారం," అన్నాడు కొడుకు, ఎటూ చూడకుండా. "బడివాళ్లకి చెప్పాను. ఇప్పుడున్న హెడ్‌మిస్ట్రెస్ నీ కింద పనిచేసినావిడేగా అమ్మా. సీట్లు చూసి మళ్లీ ఫోన్ చేస్తానంది. రేపే పంపమంటే రేపే."

"మందిరంలో తప్పింది నేను కాకపోయినా నన్ను కూడా పంపుతారా?" అని పెద్దది అడిగింది.

"ముగ్గురూ అన్నాం కదా."

"బుడ్డోడికి బటన్లు పెట్టుకోవడమే రాదు నాన్నా."

"వచ్చు," అన్నాడు బుడ్డోడు, ఒక బటన్ ఊడదీసి చూపిస్తూ.

కోడలు లేచింది. కంచాలు తీస్తుందనుకున్నారు. ఆవిడ చీరకుచ్చెళ్లు ఒకచేత్తో పోగుచేసుకుని, బల్లగుడ్డ ఎత్తి, కిందికి దూరింది.

"జరుగు గువ్వా. నాకూ కాస్త చోటియ్యి."

నాన్నమ్మ ఇబ్బందిగా కదిలింది. ఆవిడ కాళ్లు అక్కడే ఉన్నాయి. బల్ల కింద జరిగే సంభాషణలో తన కాళ్లు పాల్గొనడం మర్యాదో కాదో తేలక, వాటిని కుర్చీ కిందికి తీసుకుంది. చెవుల్ని తీసుకోవడం మాత్రం ఎవరి తరం?

"నేను నీకు క్షమాపణ చెప్పుకోవాలి," అంది కోడలి గొంతు.

"నువ్వెందుకు? అబద్ధం నాది కదా."

"నీది నువ్వు చెప్పుకో. నాది నేను చెబుతాను, ఎవరి వంతు వాళ్లది. నువ్వు చదువుతుంటే నీ గొంతు వినడం నాకెంతిష్టమో తెలుసా? వింటూ మురిసిపోయానే గాని, నువ్వెటు చూస్తున్నావో ఒక్కనాడూ చూడలేదు. అమ్మగా అది నా పొరపాటు. పంతులమ్మగా ఇంకా పెద్ద పొరపాటు. నన్ను క్షమించు."

ఎన్నో తరగతి గదులు చూసింది నాన్నమ్మ. పిల్లల చేత క్షమాపణ చెప్పించడంలో ఆవిడ పేరు మోసింది. నిలబెట్టి, చేతులు కట్టించి, అందరికీ వినపడేలా. పిల్లకి పంతులమ్మ చెప్పడం మాత్రం వినడం ఇదే మొదలు. అదీ బల్ల కింద, మోకాళ్ల మీద, ఎవరూ మెచ్చుకోని చోట.

"నీకు చదవడం రాదని నీకెప్పుడు తెలిసిందే?" అని కోడలు అడిగింది, బొమ్మ ఎక్కడ పెట్టావే అన్నంత మామూలుగా.

"నాకు వచ్చనే అనుకున్నా. ముందు ఒకళ్లు చెబుతారు, తర్వాత మనం చెబుతాం, అదే చదవడం అనుకున్నా. పుస్తకం ఊరికే పట్టుకోవడానికి అనుకున్నా. అక్క నిజంగా అందులో చూసి చెబుతోందని తర్వాత తెలిసింది."

"తెలిశాక నాతో చెప్పొచ్చుగా నాన్నా."

"అప్పటికే ఆలస్యమైపోయింది. గువ్వ బాగా చదువుతుందని నువ్వు అందరికీ చెప్పేశావుగా."

పైన కొడుకు లేచి కిటికీ దగ్గర నిలబడి వీధి చూస్తున్నాడు, వీధిలో చూడ్డానికి ఏమీ లేకపోయినా.

అప్పుడు నాన్నమ్మకి గుర్తొచ్చింది.

కిందటి తనిఖీలో ఆవిడ పాఠం ఒకటి తీసి, పద్ధతి ప్రకారం, ముందు పెద్దదాన్ని చదవమంది. అది తొందరలో నడిమధ్య ఒక వరస దాటేసింది. తర్వాత గువ్వ చదివింది. అదీ సరిగ్గా ఆ వరసే దాటేసింది. "అక్క తొందర నీకూ అంటుకుందే," అని నాన్నమ్మ నవ్వి, ఇద్దర్నీ గట్టెక్కించింది. తన చేత్తో, తన ఎర్ర పెన్నుతో, బాగుంది అని పెట్టింది.

తను తనిఖీ చేసింది పిల్లని కాదు, దాని వినికిడిని.

ఆ రోజు కోడలు అక్కడే ఉంది, గుమ్మంలో, తుడుపుగుడ్డ చేత్తో పట్టుకుని. వరస దాటడం ఆవిడా విన్నది. అంటే ఇవాళ మందిరంలోనే ఆవిడకి తట్టి ఉండాలి. ఇంటికి వచ్చే దారిలో అనొచ్చు. ఈ బల్ల దగ్గర అనొచ్చు. అత్తయ్యా, మీరు మాత్రం పట్టుకున్నారా అని ఒక్క మాట అంటే చాలు, ఒప్పందం అక్కడికక్కడే వీగిపోతుంది, పిల్లలు ముగ్గురూ రేపు ఇంట్లోనే ఉంటారు. అనలేదు. కుక్కిన పేనులా పడి ఉండే రకం కూడా కాదు ఆ మనిషి. చేపల బేరంలో ఆవిడ నోటికి బజారు దారి ఇస్తుంది. అయినా అనలేదు.

ఈ మాట నాన్నమ్మ కూడా అననక్కర్లేదు. నోరు మూసుకుని ఒక్క ఫోను మోగేదాకా కూర్చుంటే చాలు, ఇన్నాళ్ల పంతం చెల్లిపోతుంది. గెలుపు అంత దగ్గరగా, అంత చవగ్గా ఆవిడకి ఎన్నడూ దొరకలేదు.

ఆవిడ గ్లాసు ఎత్తి, తాగకుండానే కింద పెట్టింది.

"ఒరే, ఆ బడివాళ్లకి వద్దని చెప్పెయ్యి."

కొడుకు కిటికీ దగ్గర్నుంచి తిరిగాడు. "ఏమిటీ?"

"నా తనిఖీలో తప్పితే కదా బడి. నా తనిఖీలో పిల్ల తప్పలేదు. నేనే తప్పాను." ఆవిడ ఆ వరస సంగతి మొత్తం చెప్పింది. ఏదీ దాచకుండా, తనకి అనుకూలంగా ఒక్క మాట కలపకుండా, పైఅధికారికి నివేదిక ఇచ్చినట్టు చెప్పింది. "ముప్ఫై ఏళ్ల అనుభవం అని మీ అందర్నీ హడలగొట్టిన మనిషిని. ఎదురుగా కూర్చుని పట్టుకోలేకపోయాను. వంట చేస్తూ, బట్టలుతుకుతూ, చంటివాణ్ని చూసుకుంటూ ఈ కోడలు పట్టుకోలేదని ఏ మొహం పెట్టుకుని అంటాను? ఒప్పందం చెల్లదు. పిల్లలు ఇంట్లోనే ఉంటారు."

బల్లగుడ్డ కదిలింది. కోడలు తల బయటికి వచ్చింది, జుట్టు చెదిరి, చెంప మీద ఒక మెతుకుతో.

"వద్దు అత్తయ్యా. పంపుదాం."

"ఏమన్నావ్?"

"మీరు పట్టుకోకపోతే నా తప్పు ఒప్పైపోదుగా. దాన్ని నాకు అప్పగించాడు దేవుడు, మీకు కాదు. నావల్ల కాలేదు. ఇంకొకళ్ల చేతిలో పెట్టడానికి నామోషీ ఏముంది? నా పంతం కోసం పిల్లని ఆపుకోను."

"పంతమా? నువ్వు నాలుగు మాటలు మాట్లాడి ఆ పిల్లనోట నిజం చెప్పించావు. ఏ బడి చేస్తుందే ఆ పని?"

"అక్షరాలు చెప్పించలేదుగా."

"చెప్పిస్తావు."

"మీరేగా రోజూ అనేది, బడి బడే అని?"

"అంటే అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను. పెద్దదాన్ని, నా మాట వినవా?"

"ఈ ఒక్క విషయంలో వినను అత్తయ్యా."

కొడుకు ఒకసారి తల్లివైపు, ఒకసారి భార్యవైపు చూశాడు. ఇన్నాళ్లూ ఇద్దరి మాటలూ కంఠతా పట్టి, ఎవరి ఎదుట ఎవరిని సమర్థించాలో సాధన చేసి పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ చదువంతా వృథా.

"ముందు నాకొకటి చెప్పండి," అన్నాడు నీరసంగా. "మీ ఇద్దరిలో ఇప్పుడు ఎవరు ఎవరివైపు?"

పెద్దది కంచంలోకి చూస్తూ నవ్వాపుకుంటోంది. బుడ్డోడు మాత్రం హాయిగా రెండో బటన్ కూడా ఊడదీసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే బల్ల మీద ఫోను మోగింది.

నాన్నమ్మ చెయ్యి చాపింది, కోడలూ చాపింది. ఒకరు బడి వద్దని చెప్పడానికి, ఒకరు కావాలని చెప్పడానికి. ఎవరి చెయ్యీ చేరకముందే బల్లగుడ్డ కిందినుంచి ఒక చిన్న చెయ్యి పైకి వచ్చి, తడుముకుని, ఫోను అందుకుని లోపలికి వెళ్లిపోయింది. నాన్నమ్మకి ఫోనులో మాటలు సరిగా వినపడవని ఆ ఇంట్లో ఫోను ఎప్పుడూ స్పీకరులోనే ఉంటుంది. అందుకని మాటలన్నీ బల్ల కిందినుంచి స్పష్టంగా వినిపించాయి.

"మేడమ్, నమస్కారం," అంది అవతలి గొంతు, ఎంతో వినయంగా. "సీట్లున్నాయండీ. ముగ్గుర్నీ రేపే తీసుకురండి."

"నేను మేడమ్‌ని కాదండీ. గువ్వని. మేడమ్ మా నాన్నమ్మ."

"ఓహో, నువ్వేనా తల్లీ. రేపు వస్తున్నావా మా బడికి?"

"ఒకటి అడగొచ్చా?" అంది గువ్వ. "మీ బళ్లో పాఠం ఎవరికి వాళ్లే చూసి చదవాలా? ముందు ఎవరైనా చదువుతారా?"

అవతలి గొంతు ముచ్చటపడి నవ్వింది. "భయపడకమ్మా. ముందు బాగా వచ్చినవాళ్లు ఒకరు గట్టిగా చదువుతారు. తర్వాత అందరూ కలిసి అంటారు. మీ నాన్నమ్మగారు పెట్టిన పద్ధతే. ఇప్పటికీ మా బళ్లో అదే నడుస్తోంది."

నాన్నమ్మ కళ్లు మూసుకుంది.

బల్లగుడ్డ పైకి లేచింది. ఇందాకట్నుంచీ ఎంత బతిమాలినా రాని పిల్ల, జుట్టుకి దుమ్ముతో, చెంపలమీద కన్నీటి చారలతో, తనంతట తనే బయటికి వచ్చి నిలబడింది. మొహం విప్పారిపోయి ఉంది.

"అమ్మా, నేను బడికే వెళ్తాను," అంది. "అక్కడైతే ఎవరికీ తెలియదు."

కొడుకు కుర్చీలో చతికిలబడ్డాడు. గువ్వ చేతిలో ఫోను, "మేడమ్, ఉన్నారా? మరి ముగ్గురికీ సీట్లు ఖాయం చేసెయ్యనా?" అని మర్యాదగా అడుగుతూనే ఉంది.

ఏం చెప్పాలో తెలుస్తుందేమోనని నాన్నమ్మ కోడలి మొహంలోకి చూసింది. కోడలు అప్పటికే అత్తగారి మొహంలోకి చూస్తోంది.